రాపా కొండకోటలు: రహస్యం అనే మాట ఎవరిని కాపాడుతోంది?

ఆదివారం అనుబంధాల్లో, టీవీ ఛానెళ్ళలో, ఇప్పుడు యూట్యూబ్‌లో కూడా తరచుగా కనిపించే మూడు వాక్యాలు ఉన్నాయి. "వీటిని ఎవరు కట్టారో తెలియదు. ఎందుకు వదిలిపెట్టారో తెలియదు. ఇప్పటికీ అంతుచిక్కని రహస్యం." మహాసముద్రం మధ్యలో ఒక చిన్న దీవి, దాని కొండ కొమ్మున శిథిలమైన కోట, వెనకాల గుబులు పుట్టించే సంగీతం. ఇక చూసేవాడు మిగతాదంతా తానే ఊహించుకుంటాడు. మునిగిపోయిన ఖండం, గ్రహాంతరవాసులు, మరచిపోయిన మహాజ్ఞానం, ఎవరికి ఇష్టమైనది వారు.

అలాంటి ఒక దీవిని తీసుకుని ఆ మూడు వాక్యాలనూ ఒక్కొక్కటిగా తనిఖీ చేద్దాం. దీవి పేరు రాపా. పసిఫిక్ మహాసముద్రంలో ఫ్రెంచి పాలినీషియా దక్షిణపు కొసన, తాహితీ నుంచి సుమారు 1200 కిలోమీటర్ల దూరంలో ఉంది. మనుషులుండే మరో దీవిని చేరాలంటే 500 కిలోమీటర్లకు పైగా సముద్రం దాటాలి. విస్తీర్ణం 40 చదరపు కిలోమీటర్లు, అంటే మన దగ్గర రెండు మూడు గ్రామాల పొలిమేరలు కలిపితే వచ్చేంత. ఈస్టర్ దీవి అని లోకం పిలిచే రాపా నుయి వేరు, ఇది వేరు. దీన్ని రాపా ఇతి, అంటే చిన్న రాపా అని కూడా అంటారు. రెండింటికీ మధ్య సుమారు 3400 కిలోమీటర్ల నీళ్ళున్నాయి. పేర్లు కలవడంతో చాలామంది రెండు దీవుల కథలనూ కలిపేస్తుంటారు.

రాపా ఒక చల్లారిన అగ్నిపర్వతం. దాని నోరు ఒకవైపు కూలిపోయి సముద్రపు నీరు లోపలికి రావడంతో దీవి నడుమ గుర్రపునాడా ఆకారంలో అఖాతం ఏర్పడింది. అఖాతం చుట్టూ కత్తి అంచులాంటి పర్వత పంక్తి. ఎత్తైన శిఖరం 650 మీటర్లు. ఈ పంక్తి మీద పదికి పైగా కోటలున్నాయి. అన్నిటికంటే పేరుపొందినది మొరోంగో ఉతా. కొండ కొమ్మును చెక్కి చదును చేశారు. దాని కింద నాలుగు వైపులా దిగే గట్లను మెట్లుమెట్లుగా కోసి, సున్నం లేకుండా పేర్చిన రాతి గోడలతో అరుగులు కట్టారు. గట్టు సన్నగా ఉన్నచోట అడ్డంగా కందకం తవ్వారు. దూరం నుంచి చూస్తే పచ్చని మెట్ల పిరమిడ్‌లా ఉంటుంది. పిరమిడ్ అనే మాట నోట పడితే చాలు, రహస్యాల వ్యాపారులు వాలిపోతారు.

మొదటి వాక్యం: ఎవరు కట్టారో తెలియదు.

1791 డిసెంబర్ 22న బ్రిటిష్ నావికుడు జార్జ్ వాంకూవర్ తన 'డిస్కవరీ' ఓడలో ఈ దీవి పక్కకు వచ్చాడు. దీవివాసులు పడవల్లో ఎదురొచ్చారు. కొండ శిఖరాల మీద కోటల్లాంటి కట్టడాలున్నాయనీ, వాటి చుట్టూ కొండవాలున కర్రల దడులున్నాయనీ వాంకూవర్ తన యాత్రా గ్రంథంలో రాశాడు. ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. శిఖరం మీద దడులతో సహా కోటలు, కింద పడవల్లో వందల మంది మనుషులు, రెండూ ఒకే రోజు ఒకే కంటికి కనిపించాయి. కర్రల దడి వందల ఏళ్ళు నిలవదు. ఆ తడి వాతావరణంలో అది కొన్నేళ్ళకే పుచ్చిపోతుంది. దడి నిలబడి ఉందంటే దాన్ని బాగుచేసేవాళ్ళు అక్కడే ఉన్నారన్నమాట. ఇంతకంటే దగ్గరి సాక్ష్యం ఇంకేం కావాలి?

సాక్షి మాట ఒక్కటే చాలదు అనుకుంటే తవ్వకాలున్నాయి. హవాయిలోని బిషప్ మ్యూజియం తరఫున జాన్ స్టోక్స్ 1921-22లో రాపాలో ఉండి, దీవివాసుల నోట వంశ చరిత్రలు సేకరించాడు. 1955-56లో థోర్ హెయర్‌డాల్ నాయకత్వంలోని నార్వే బృందం మొరోంగో ఉతాను శుభ్రం చేసి తవ్వింది. 2000 తర్వాత అథోల్ ఆండర్సన్, డగ్లస్ కెన్నెట్ తదితరులు మళ్ళీ తవ్వారు. వారి పరిశోధనలను 2012లో ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీ పుస్తకంగా ప్రచురించింది. కోటల్లో దొరికినవేమిటి? రాతి బాడిసెలు, దుంపలు దంచే రాతి రోకళ్ళు, గుంటలో వేడి రాళ్ళు పేర్చి వండే పొయ్యిలు, ఇళ్ళ నేలలు. పాలినీషియా అంతటా సామాన్య జనం వాడిన సామానే. గ్రహాంతరవాసులు చేమదుంపలు దంచుకుని తిన్నారని ఎవరైనా వాదిస్తే తప్ప, ఈ సామాను ఎవరిదో చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు.

కాలం సంగతి బొగ్గు చెబుతుంది. చెట్టు బతికున్నంతకాలం గాలిలోని కార్బన్-14ను తీసుకుంటూ ఉంటుంది. చచ్చాక తీసుకోదు. ఉన్నది మాత్రం 5730 ఏళ్ళకు సగం చొప్పున తగ్గిపోతుంది. పొయ్యిలోని బొగ్గులో ఎంత మిగిలిందో కొలిస్తే, పొరపాటుకు అవకాశం ఎంతో కూడా చెబుతూ తేదీ కట్టవచ్చు. ఆ లెక్క ప్రకారం మనుషులు రాపా చేరింది 1200 ప్రాంతంలో. కోటలు మొదలైంది దాదాపు 1500 ప్రాంతంలో. ఆ తర్వాత మూడు వందల ఏళ్ళలో వాటి సంఖ్య పెరిగింది. అంటే మన దగ్గర విజయనగర రాజుల కాలం నాటి మాట. లక్షల ఏళ్ళ నాటివీ కావు, జలప్రళయానికి ముందువీ కావు.

"రాతి పనిముట్లతో కొండను చెక్కడం అసాధ్యం" అనేవారు కాగితం మీద లెక్క వేసినట్లు నేనెక్కడా చూడలేదు. జీవితమంతా రక్షణ శాఖ లెక్కల్లో గడిపినవాణ్ణి కాబట్టి ఉదాహరణకు నేనే ఒకటి వేస్తాను. వంద మంది, ఏడాదికి 50 రోజులు పనిచేస్తే 5000 పనిదినాలు. పదేళ్ళకు 50,000. కర్ర గునపంతో మనిషి రోజుకు అర ఘనపు మీటరు మట్టి మాత్రమే తీస్తాడనుకుందాం. పదేళ్ళకు 25,000 ఘనపు మీటర్లు. అంటే వంద మీటర్ల పొడవు, వంద మీటర్ల వెడల్పు ఉన్న చోట రెండున్నర మీటర్ల లోతు తవ్వినట్లు. ఇవి నేను అనుకున్న అంకెలే, మీరు సగానికి తగ్గించుకోవచ్చు. పదేళ్ళ బదులు ఇరవై ఏళ్ళు పడుతుంది, అంతే. అసాధ్యం అనే మాటకు చోటెక్కడుంది? మన ఊళ్ళ పక్కనున్న పాతకాలపు రాతి సమాధులను కూడా రాక్షస గుళ్ళనీ, పాండవ గుళ్ళనీ పిలుచుకున్నాం. తాతలు చేసిన పనిని రాక్షసులకు జమకట్టడం ప్రపంచమంతటా ఉన్న అలవాటే.

మునిగిన ఖండం సంగతి కూడా ఒకమాట చెప్పాలి, ఎందుకంటే అందులో మన దేశం పేరు వాడుకున్నారు. పసిఫిక్ దీవులన్నీ 'ము' అనే మునిగిన ఖండపు శిఖరాలని జేమ్స్ చర్చ్‌వార్డ్ 1926లో పుస్తకం రాశాడు. ఆ రహస్యం తనకు భారతదేశంలోని ఒక ఆలయ పూజారి చూపించిన మట్టి పలకల వల్ల తెలిసిందన్నాడు. ఆ ఆలయం ఏదో చెప్పలేదు, ఆ పలకలు మరొకరికి కనిపించలేదు. వోచర్ లేని ఖర్చును ఏ ఆడిటరూ ఒప్పుకోడు, చరిత్రలో మాత్రం ఎందుకు ఒప్పుకోవాలి? భూగర్భశాస్త్రం కూడా ఒప్పుకోదు. ఖండాలు తేలికైన గ్రానైట్ జాతి రాళ్ళతో ఏర్పడినవి, చక్కెర బిళ్ళల్లా నీళ్ళలో కరిగిపోవు. పసిఫిక్ అడుగున ఉన్నది బసాల్ట్. రాపా దీవి కూడా సముద్రం అడుగు నుంచి లేచిన బసాల్ట్ అగ్నిపర్వతమే, వయసు 50 లక్షల ఏళ్ళ లోపు.

హెయర్‌డాల్‌కు న్యాయం చేయాలంటే ఆయన్ను వీరి గాటన కట్టకూడదు. ఆయన తవ్వాడు, కొలిచాడు, ప్రచురించాడు. పాలినీషియన్లు దక్షిణ అమెరికా నుంచి వచ్చారన్న ఆయన ప్రధాన వాదం నిలవలేదు. భాషలు, పనిముట్లు, జన్యువులు, అన్నీ పడమటి నుంచి వచ్చారనే చెబుతున్నాయి. కానీ దక్షిణ అమెరికాతో కొంత సంపర్కం ఉండిందన్న మాట 2020 తర్వాతి జన్యు పరిశోధనల్లో నిజమని తేలింది. తప్పని తేలే అవకాశం ఉన్న మాట చెప్పినవాడు శాస్త్రానికి ఉపయోగపడతాడు. చర్చ్‌వార్డ్ మాట తప్పని తేల్చడానికి చేతికి చిక్కే పలకే లేదు.

రెండో వాక్యానికి ముందు అసలు కోటలెందుకు కట్టారో చూద్దాం. రాపా పాలినీషియాలోని మిగతా దీవులకంటే చల్లన. కొబ్బరి సరిగ్గా కాపుకు రాదు. జనం బతికింది చేపల మీద, చేమదుంప మీద. చేమను లోయల అడుగున, మన వరి మళ్ళలాగే గట్లు కట్టి నీరు పెట్టి పండించేవారు. ఇలాంటి నేల దీవిలో చాలా తక్కువ. ఒక మడి తయారు కావడానికి తరాల శ్రమ పడుతుంది, దాన్ని ఎత్తుకుపోలేం, వదులుకోనూలేం. జనం పెరిగేకొద్దీ ఆ మళ్ళ కోసం వంశాల మధ్య తగాదాలు వచ్చాయి. కొండ మీద ఉంటే తమ లోయను కాపాడుకోవచ్చు, ఎవరు వస్తున్నారో ముందే చూడవచ్చు. నీటి వాటాల కోసం తలలు పగలగొట్టుకున్న ఊళ్ళు మనకూ తెలుసు. కాబట్టి ఇందులో అర్థంకాని మనస్తత్వమేమీ లేదు.

ఇక్కడే మరో కథ ఎదురవుతుంది. ఇది చదువుకున్నవారి కథ. "చిన్న దీవి, జనం పెరిగారు, అడవి నరికారు, తిండి చాలలేదు, తమలో తాము కొట్టుకుని నాశనమయ్యారు. చూడండి, కోటలే సాక్ష్యం." పర్యావరణ నీతికథగా ఇది వినడానికి బాగుంటుంది. జారెడ్ డైమండ్ 2005లో 'కొలాప్స్' పుస్తకంలో ఈస్టర్ దీవి గురించి ఇలాంటి వాదమే చేసి లోకమంతా వ్యాపింపజేశాడు. గ్రహాంతరవాసుల కథను చూసి నవ్వే మన హేతువాదులు కూడా ఈ కథను సులభంగా నమ్ముతారు. దీన్ని కూడా అదే త్రాసులో తూచాలి.

రాపాలో అడవి నరికారన్నది నిజం. చిత్తడి నేలల పొరల్లోని పుప్పొడి ఆ విషయం చెబుతోంది. కొట్టుకున్నారన్నదీ నిజం. లేకపోతే కోటలెందుకు? వాళ్ళది స్వర్గధామం అని నేను అనడం లేదు. కానీ దానివల్ల నాశనమయ్యారా? అది అంకెలతో తేలాల్సిన విషయం.

ఖాతా తెరుద్దాం. 1791లో వాంకూవర్ ఓడ చుట్టూ చేరిన సుమారు 300 మంది మగవాళ్ళను చూసి, దీవి జనాభా 1500 ఉంటుందని అంచనా వేశాడు. 1826లో మిషనరీలు వచ్చిన నాటి అంచనా దాదాపు 2000. కోటలు కట్టడం మొదలై అప్పటికి మూడు వందల ఏళ్ళు. మూడు వందల ఏళ్ళు కొట్టుకున్న తర్వాత కూడా ఇంతమంది బతికున్నారు, పిల్లల్ని కన్నారు, మళ్ళు పండించారు. ఇది ఓపెనింగ్ బ్యాలెన్స్. 1867లో ఫ్రాన్స్ రాపాను తన రక్షణ కిందికి తీసుకునే నాటికి మిగిలింది సుమారు 120 మంది. ఇది క్లోజింగ్ బ్యాలెన్స్. మధ్యలో నలభై ఏళ్ళు. వందమందిలో తొంభై నలుగురు లేరు.

వాంకూవర్‌వి, మిషనరీలవి కాకిలెక్కలు అనవచ్చు. సరే, సగానికి తగ్గించండి. వెయ్యి మంది అనుకున్నా 120కి పడిపోవడం అంటే పదిలో తొమ్మిది మంది దాకా పోయినట్లే. ఎంత తగ్గించినా ఖాతా చెప్పే సంగతి మారదు.

మరి ఖర్చు ఏ పద్దు కింద రాయాలి? మొదటి పద్దు జబ్బులు. 1824-1830 మధ్య దీవి జనంలో నాలుగింట మూడు వంతులకు పైగా చనిపోయారు. ఆ కాలంలో ఓడల రాకపోకలు పెరిగాయి. వందల ఏళ్ళుగా బయటి ప్రపంచంతో సంబంధం లేని జనానికి ఆ రోగాలను తట్టుకునే శక్తి శరీరంలో లేదు. ఇందులో దేవుడి కోపమూ లేదు, జాతి బలహీనతా లేదు. ఏ జనమైనా అంతే. అందరూ ఒకేసారి మంచం పడితే గంజి కాచిపోసేవాడు కూడా ఉండడు. చేమ మళ్ళకు నీరు పెట్టేవాడు ఉండడు. రోగం కొందరిని, ఆకలి మరికొందరిని తీసుకుపోతుంది.

రెండో పద్దు మనుషుల వేట. పెరూ దేశం 1854లో బానిసత్వాన్ని రద్దు చేసింది. తోటల్లో, ఇళ్ళల్లో పనికి మనుషులు కావాలి. 1862-63లో పెరూ ఓడలు పసిఫిక్ దీవుల మీద పడ్డాయి. కాగితాల మీద వీళ్ళు 'కాంట్రాక్టు కూలీలు'. చాలాచోట్ల జరిగింది మాత్రం మోసం, లేదా తుపాకీ చూపించి పట్టుకుపోవడం. చరిత్రకారుడు హెచ్.ఇ. మోడ్ ఓడల వారీగా లెక్కలు తీసి 1981లో 'స్లేవర్స్ ఇన్ పారడైజ్' అనే పుస్తకం రాశాడు. ఆయన లెక్క ప్రకారం అలా తీసుకుపోయిన పాలినీషియన్లు మూడు వేల మందికి పైనే. అగ్రిమెంటు అనే మాట ముసుగులో మనిషిని ఓడ ఎక్కించడం తెలుగువారికీ కొత్త కాదు. మారిషస్‌కు, నాతాల్‌కు, ఫిజీకి మన తీర ప్రాంతాల నుంచి వెళ్ళినవారి వారసులు నేటికీ ఆ దేశాల్లో ఉన్నారు. అయితే పెరూ వేట అంతకంటే నగ్నంగా సాగింది.

రాపా జనం అమాయకంగా లొంగిపోలేదు. 1863 మొదట్లో 'కోరా' అనే వేట ఓడ తమ దీవికి వస్తే, దాన్ని పట్టుకుని తాహితీకి చేర్చి ఫ్రెంచి అధికారులకు అప్పగించారు. గ్రహాంతరవాసుల కథల్లో మాత్రం ఈ సంగతి ఉండదు. కోటలు కట్టింది ఇంకెవరో అని చెబుతున్నప్పుడు, ఈ ధైర్యం చూపిన మనుషుల పేరు ఎత్తితే కథ చెడిపోతుంది మరి.

కానీ పట్టుకుపోవడానికి వచ్చిన ఓడ కంటే, తిరిగి దింపడానికి వచ్చిన ఓడ ఎక్కువ హాని చేసింది. లోకంలో నిరసనలు రావడంతో పెరూ 1863లో ఈ వ్యాపారాన్ని ఆపి, బతికున్నవారిని వెనక్కి పంపింది. ఓడల్లో మశూచి ఉంది, కిక్కిరిసి జనం ఉన్నారు. ఎక్కినవారిలో ఎక్కువ మంది దారిలోనే చచ్చిపోయారు. మిగిలిన కొద్దిమందిని, రోగంతో సహా, రాపా ఒడ్డున దింపారు. అలా దీవిలో మశూచి పాకింది. ఆ తర్వాత నాలుగేళ్ళకు మిగిలినవారే ఆ 120 మంది.

ఇదే కాలంలో ఈస్టర్ దీవి నుంచి సుమారు 1400 మందిని పెరూ ఓడలు తీసుకుపోయాయి. 1877 నాటికి అక్కడ మిగిలింది 111 మంది. 2024 సెప్టెంబర్‌లో 'నేచర్' పత్రికలో పదిహేను మంది ప్రాచీన దీవివాసుల జన్యువుల పరిశీలన వచ్చింది. డైమండ్ చెప్పిన లాంటి జనాభా పతనం 17వ శతాబ్దంలో జరిగిన జాడ ఆ జన్యువుల్లో లేదు. 1860ల దాకా జనం మెల్లగా పెరుగుతూనే ఉన్నారని తేలింది. రెండు దీవుల ఖాతాలూ ఒకే మాట చెబుతున్నాయి.

ఇక మూడో వాక్యం, అంతుచిక్కని రహస్యం. రాపాలో కోటలు ఖాళీ అయ్యాయి గానీ దీవి ఖాళీ కాలేదు. మిగిలిన కొద్దిమంది కొండలు దిగి అఖాతం ఒడ్డున ఊళ్ళలో చేరారు. కాపాడుకోవడానికి లోయలు ఎక్కువ, మనుషులు తక్కువ అయ్యాక శిఖరం మీద కాపలా ఎవరి కోసం? నేడు అహురేయి, ఆరెయా అనే రెండు ఊళ్ళలో దాదాపు 500 మంది ఉన్నారు. విమానాశ్రయం లేదు, సరకుల ఓడే దిక్కు. ఈనాటికీ చేమదుంపలు దంచి పులియబెట్టి తింటారు. భూమి వ్యవహారాలు పెద్దల సభ చూస్తుంది. కోట కట్టినవారి మునిమనవలు కోట కింద చేమ పండించుకుంటుంటే, మనం తెర ముందు కూర్చుని "ఎవరు కట్టారో" అంటున్నాం.

పోయింది ప్రాణాలు మాత్రమే కాదు. రాపా భాష మీద 2015లో పరిశోధన చేసిన మేరీ వాల్‌వర్త్, అక్కడ ఇప్పుడు ఎక్కువగా వినిపించేది తాహితీ భాషతో కలిసిపోయిన రూపమనీ, పాత రాపా భాష కొద్దిమంది ముసలివారి దగ్గరే మిగిలిందనీ తేల్చింది. చెప్పేవాళ్ళు ఒక్క తరంలో చచ్చిపోతే కథలు పోతాయి, పేర్లు పోతాయి. కోటల గురించి మనకు తెలియని విషయాలు ఇంకా ఉన్నాయంటే ముఖ్య కారణం అదే. అది ప్రకృతి దాచిన రహస్యం కాదు, మనుషులు చింపేసిన పేజీ.

అందుకే రహస్యం అనే మాట అంత అమాయకమైనది కాదంటాను. 'అంతుచిక్కలేదు' అని రాస్తే ఓడల పేర్లు రాయనక్కర్లేదు, తేదీలు రాయనక్కర్లేదు. 'తమంతట తామే నాశనమయ్యారు' అని రాస్తే ఇంకా మేలు, నేరం చచ్చినవాడి ఖాతాలోనే పడుతుంది. మొదటిది మూఢనమ్మకం, రెండోది శాస్త్రం వేషంలో ఉంది. ఫలితం మాత్రం ఒకటే.

ఇలాంటి కథనం ఇకముందు మీ కంటబడితే మూడు ప్రశ్నలు వేయండి. ఆ కట్టడాన్ని వాడుకలో ఉండగా చూసి రాసినవారు ఎవరైనా ఉన్నారా? చివరిసారిగా జనం నిండుగా ఉన్నది ఏ ఏడాది, ఖాళీ అయినది ఏ ఏడాది, ఆ మధ్యలో ఒడ్డుకు ఎవరు వచ్చారు? వారి సంతతి ఇప్పుడెక్కడ ఉంది, వాళ్ళేమంటున్నారు? కొన్నిచోట్ల జవాబులు దొరకవు. అప్పుడు తెలియదని ఒప్పుకుందాం. రాపా విషయంలో మూడింటికీ జవాబులున్నాయి, రెండు వందల ఏళ్ళుగా అచ్చులో ఉన్నాయి. తెరిచి చదవడమే మిగిలింది.